దూలం మీద అరచెయ్యి

పోయిన ఏడు రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్లు కట్టడాల ఇంజనీరుగా పనిచేశాను. మొదట కొన్నేళ్లు సిమెంటుతో, మిగిలిన కాలమంతా కట్టెతో. ఈ మధ్య కాలేజీ పిల్లలు ఫోన్ చేసి, కట్టెతో పెద్ద పెద్ద భవనాలు కట్టడం నేర్చుకోవాలంటే ఏం చదవాలని అడుగుతున్నారు. చదవాల్సినవి నాకంటే మీకే బాగా దొరుకుతాయి. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఎక్కడ తప్పు చేశాను, ఎవరి ముందు తల దించుకున్నాను, ఎవరి పుణ్యాన నా పేరు నిలబడింది, ఇదే నా దగ్గరున్న సరుకు. ప్రమోషన్లు, ఫైళ్లు, మీటింగులు వదిలేస్తున్నాను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదవడానికి విసుగు కూడా.

చాలా కట్టడాలు చేశాను కానీ ఒక్క షెడ్డు గురించే ఎక్కువ చెబుతాను. నాకు పని నేర్పింది అదే.

సాంచెల ఇల్లు

మా అమ్మానాన్నలు కరీంనగర్ దిక్కు ఊరు వదిలి బొంబాయి పక్కనున్న భివండికి వచ్చినప్పుడు వాళ్లకు గుంటెడు భూమి లేదు. నాన్న నిజాంపురాలో ఒక సేఠ్ దగ్గర కూలికి సాంచెలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. అమ్మ కండెలకు నూలు చుట్టేది. సాంచెల షెడ్డులో మాట వినపడదు. అందుకని అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగింది, నూనె తే, సేఠ్ వస్తున్నాడు, చాయ్ వచ్చింది, అన్నిటికీ ఒక్కో సైగ ఉంటుంది. నాకు అక్షరాల కన్నా ముందు ఆ సైగలే వచ్చాయి.

నలభై దాటేసరికి నాన్న చెవులు పోయాయి. ఆ చప్పుడులో బతికినవాళ్లలో చాలామందికి అంతే. అయినా ఆయన పని ఆగలేదు. సాంచె పక్కన అరచెయ్యి ఆనించి, ఎక్కడ నట్టు వదులైందో, ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. నాకు అది గొప్పగా అనిపించలేదు, సిగ్గుగా అనిపించింది. ఠాణే పట్టణంలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒకసారి నన్ను చూడటానికి కాలేజీకి వచ్చాడు. చెవులు వినపడనివాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుతారో మీకు తెలిసే ఉంటుంది. వరండాలో నిలబడి, మేడంతా వినపడేలా, "మల్లేశం, తిన్నవా బిడ్డా?" అని అరిచాడు. నా స్నేహితులు నవ్వారు. నేను జవాబు చెప్పకుండా ఆయన చెయ్యి పట్టుకుని గబగబా గేటు బయటకు తీసుకుపోయాను.

ఇక సాంచెల మొహం చూడనని ఆ రోజు అనుకున్నాను. నాన్న పోయి ఇరవై ఏళ్లయింది. ఆ అరుపు మాత్రం నా చెవుల్లోనే ఉంది.

పరాంజపే సార్

నా మొదటి పై అధికారి పరాంజపే సార్. కోపిష్టి. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. మేం గీసిన బొమ్మల మీద తన సంతకం ఒక్కటే పెట్టుకునేవాడు. ఇవన్నీ నిజాలే, దాచి లాభం లేదు. కానీ ఈ రోజు నేను ఇంజనీరునని చెప్పుకుంటున్నానంటే సగం ఆయన దయే.

ఒక పాత సభామందిరం పైకప్పు చూసి రమ్మని పంపాడు. టేకు దూలాల కప్పు. నేను కింద నిలబడి మెడ పైకెత్తి చూసి, ఫొటోలు తీసి, కట్టె పాతబడింది, తీసేసి కాంక్రీటు వెయ్యాలని రాసుకొచ్చాను. ఆయన కాగితం చదవలేదు.

"ఎన్ని దూలాలను చేత్తో ముట్టుకున్నావు?" అని అడిగాడు.

ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. కాగితం నా చేతికే తిరిగిచ్చి నిచ్చెన కొనుక్కోమన్నాడు. మర్నాడు ఎక్కి చూస్తే మొత్తం కప్పులో పాడైనవి రెండే దూలాలు, అవీ పెంకు పగిలి నీళ్లు కారిన చోట. రెండూ మార్చాం. ఆ మందిరంలో ఇప్పటికీ పెళ్లిళ్లు జరుగుతున్నాయి. ముట్టుకోకుండా కట్టె గురించి మాట్లాడకూడదని ఆ రోజు నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదని తర్వాత తేలింది.

కట్టె పేరు చెప్పి గొప్పలు పోవద్దు

మీలో చాలామంది పర్యావరణం మీద ప్రేమతో ఈ పనిలోకి వస్తున్నారు. సంతోషం. చెట్టు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ దూలంలోనే ఉండిపోతుంది. దూలం ఉన్నంతకాలం అది గాలిలో కలవదు. సిమెంటు, ఉక్కు తయారు కావాలంటే కొలుములు మండాలి. ఇంతవరకు నిజమే. కానీ కట్టె కాబట్టి మంచిది అనుకుంటే మాత్రం పొరపాటు. అడవి నరికి తెచ్చిన టేకుతో భవనం కట్టి, దానికి పచ్చని బోర్డు తగిలించుకున్నవాళ్లను చూశాను. వాళ్ల కన్నా నిజాయితీగా సిమెంటుతో కట్టినవాళ్లే నయం. కొత్త కట్టె వాడితే, నరికిన చోట మళ్లీ మొక్క నాటే తోటల్లోంచి రావాలి. నన్నడిగితే అన్నిటికన్నా మంచి కట్టె, ఎప్పుడో నరికేసి ఇప్పటికే ఎక్కడో ఒక కప్పును మోస్తున్న కట్టె.

భివండిలో ఆ కట్టెకు ఏం జరుగుతోందో నా కళ్లతో చూశాను. పాత సాంచెల షెడ్లు ఒక్కొక్కటే కూలగొట్టి గోదాములు కడుతున్నారు. ఆ షెడ్ల కప్పులన్నీ టేకు దూలాలే. మా తాతల కాలం నాటివి, ఈ రోజు ఎంత పెట్టినా దొరకనివి. మంచివి కొన్ని పాత కట్టె అమ్మే అడితీల్లో తలుపులవుతాయి. నూనె పట్టి నల్లబడినవి సైజింగ్ కార్ఖానాలకు పోతాయి. నూలుకు గంజి పెట్టే చోటన్నమాట. అక్కడ బాయిలర్‌లో మండుతాయి. వందేళ్లు కప్పు మోసిన దూలం ఒక పూటలో పొగ అయిపోతుంది.

అంబదాస్ సేఠ్ షెడ్డు

అంబదాస్ మా కరీంనగర్ దిక్కువాడే. వాళ్ల నాన్న కూడా కూలిగానే వచ్చాడు. ఈయన కష్టపడి సేఠ్ అయ్యాడు. మూడు చిన్న షెడ్లు కూలగొట్టి, ఊరి అంచున తొంభై ఆరు సాంచెలు పట్టే ఒక్క పెద్ద షెడ్డు కడదామనుకున్నాడు. ఇనుప చట్రాలు, పైన రేకులు అన్నది ఆయన ఆలోచన. అంతకుముందు ఎండాకాలం వాళ్ల రేకుల షెడ్డులో ఒక పనివాడు సాంచె మీదే సొమ్మసిల్లి పడిపోయాడు. ప్రాణానికి ఏం కాలేదు గానీ అంబదాస్ మనసులో అది ఉండిపోయింది. నేను వెళ్లి, మీ పాత దూలాలూ ఊళ్లో కూలుతున్న షెడ్ల దూలాలూ కలిపి పెంకుటి కప్పు వేద్దాం, పొడవు చాలని చోట తోట కట్టె పలకలను జిగురుతో ఒత్తి చేసిన కొత్త దూలాలు పెడదామన్నాను.

ఆయన నన్ను కిందినుంచి మీద దాకా చూశాడు.

"పత్తి, కట్టె ఒక్క కాడ పెడితే ఏమైతదో ఎరుక లేదా ఇంజనీర్ సాబ్? సాంచెల కాడ పుట్టినోడివేనా నువ్వు?"

న్యాయమైన ప్రశ్న. తెలిసిన సైజింగ్ కార్ఖానాకు తీసుకుపోయాను. లావుపాటి దూలం ముక్కొకటీ, ఇనుప కమ్మీ ఒకటీ బాయిలర్ నిప్పులో పెట్టించాను. రెండు చాయ్‌లు తాగేంత సేపు ఆగి బయటకు తీశాం. కమ్మీ ఎర్రబడి వంగిపోయింది. దూలం పైన బొగ్గయింది. అడ్డంగా కోయిస్తే లోపల పచ్చగా, టేకు వాసనతో అలాగే ఉంది. పైనున్న బొగ్గే లోపలి కట్టెను కాపాడుతుంది. కట్టె కాలదని కాదు. నిదానంగా కాలుతుంది, మనుషులు బయటపడేదాకా కప్పు నిలబడుతుంది.

అంబదాస్ ఆ ముక్కను చేత్తో తిప్పి తిప్పి చూసి సరేనన్నాడు. నేను గెలిచానని పొంగిపోయాను. మర్నాడు అంబదాస్ పాత షెడ్డుకు పోతే లస్మవ్వ వచ్చింది. అక్కడ కండెలు చుట్టే ఆమె. నేను గీసిన బొమ్మను గోడకు అంటించి ఉంటే, దాని ముందు నిలబడి అడిగింది.

"గీ దూలాల మీద నూగు పడతది గద తమ్మీ. పైకెక్కి ఎవరు ఊడుస్తరు?"

సాంచెల షెడ్డులో అంటుకునేది కట్టె కాదు, కట్టె మీద పేరుకునే దూది నూగు. మా అమ్మ రోజూ జుట్టులోంచి దులుపుకున్న నూగే. అది మరిచిపోయి బొమ్మ గీశాను నేను. నూగు జారిపోయేలా దూలాల పైభాగం ఏటవాలుగా చెక్కించాను, ఊడ్చేవాళ్లు నడవడానికి పైన బల్ల దారి పెట్టించాను. షెడ్డు చూసినవాళ్లు ఆ ఏటవాలు అందం కోసమనుకుంటారు. అది లస్మవ్వ చీపురు కోసం.

లింగన్న

లస్మవ్వ భర్త లింగయ్య. నేను లింగన్న అంటాను. సాంచెలు బాగుచేసే జాబర్‌గా ముప్పై ఏళ్లు పనిచేశాడు. మా నాన్నలాగే చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు, లేదంటే సైగ చెయ్యాలి. ఆయన వేరే సేఠ్ దగ్గర పనిచేస్తుంటే అక్కడికి కొత్త రకం సాంచెలు వచ్చాయి. పాడైతే కంపెనీ వాళ్లతో ఫోన్లో మాట్లాడాలి. ఫోన్ వినపడని జాబర్ ఎందుకని ఆయనను పంపేశారు. షెడ్డులో మనిషిని పంపెయ్యడానికి కూడా ఒక సైగ ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊపుతారు. సాంచె ఆపి ఇంటికి పో అని దాని అర్థం. అదే సైగతో పంపారు.

అప్పటినుంచి ఖాళీగా, వరాలా తలావ్ చెరువు గట్టున కూర్చుని ఉండేవాడు. ఆయన కొడుకు శ్రీను అంబదాస్ దగ్గర కూలికి సాంచెలు నడుపుతాడు. కొడుక్కి అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, మేము దూలాలు పరీక్షించడం చూశాడు. కాసేపు చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"ఆ కొసకు సుత్తెతో కొట్టు తమ్మీ. ఈ కొసకు నేను చెయ్యి పెడత."

కొట్టించాను. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో దూలం కొసన అరచెయ్యి ఆనించాడు. మంచి దూలమైతే దెబ్బ ఈ చివరిదాకా తిన్నగా వస్తుందట, లోపల గుల్ల ఉంటే మధ్యలో చచ్చిపోతుందట. మొత్తం నూట నలభై దూలాల్లో పందొమ్మిది పనికిరావని పక్కన పెట్టాడు. అందులో పద్దెనిమిదింటికి నా పరికరాలు కూడా అదే మాట చెప్పాయి.

పందొమ్మిదోది అన్నిటికన్నా పొడుగైన దూలం. నిటారుగా, శుభ్రంగా, రంగు వేసి ఉంది. తేమ కొలిచాను, బాగుంది. రెండు చోట్ల సన్నగా తొలిచి చూశాను, బాగుంది. కప్పును మోసే మొదటి చట్రానికి అడుగున ఉండే దూలంగా దాన్నే లెక్కలో పెట్టుకున్నాను. అది కాదంటే అంత పొడుగుది మళ్లీ వెతకాలి, వానలు దగ్గరపడుతున్నాయి.

"ఇది వద్దు," అన్నాడు లింగన్న. "నడుమల దెబ్బ చచ్చిపోతున్నది."

తేమ మీటర్ చూపించాను. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చూపించాను. మళ్లీ అడ్డంగా ఊపాడు. చుట్టూ నా కింద పనిచేసే కుర్ర ఇంజనీర్లు ఉన్నారు. నాకు చిరాకు వచ్చింది. అప్పుడు నా చెయ్యి చేసిన పని రాయడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు. అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊపాను.

కుర్ర ఇంజనీర్లకు ఆ సైగ తెలియదు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

చట్రం విరిగిన రోజు

కప్పు మీదికి ఎక్కించే ముందు ప్రతి చట్రాన్నీ నేల మీదే, నడుమెత్తు దిమ్మెల మీద నిలబెట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి పరీక్షిస్తాం. ఇది మాత్రం ఎన్నడూ మానకండి, ఎవరెంత తొందరపెట్టినా సరే. మొదటి చట్రానికి బస్తాలు కడుతున్నారు. అంబదాస్, పనివాళ్లు, శ్రీను, అందరూ తాడు బయట నిలబడి చూస్తున్నారు. లింగన్న కొడుక్కి డబ్బా తెచ్చి, దూరంగా మాకు వీపు పెట్టి కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఇంకా నాలుగు బస్తాలు ఉన్నాయనగా అడుగు దూలం పెద్ద చప్పుడుతో రెండుగా విరిగింది. జనం వెనక్కి ఉరికారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లింగన్న ఒక్కడే వెనక్కి తిరగలేదు. ఆయనకు వినపడలేదు. చాయ్ పూర్తి చేసి, గ్లాసు కింద పెట్టి, తిరిగి మా మొహాలు చూసి లేచాడు.

విరిగిన చోట పాత రంధ్రాలు కనిపించాయి. పాత రోజుల్లో సాంచెలను పైనుంచి బెల్టులతో తిప్పేవారు. ఆ బెల్టులు తిప్పే ఇరుసును మోసిన బోల్టుల రంధ్రాలవి. ఎవరో లప్పం పెట్టి పూడ్చి రంగేశారు. లోపల తుప్పు నీళ్లకు కట్టె పొడిపొడి అయిపోయింది. నేను తొలిచిన రెండు చోట్లకూ సరిగ్గా నడుమన ఉంది అది.

అంబదాస్ మొహం పాలిపోయింది. "ఇగ చాలు సాబ్. అన్నీ సైజింగ్‌కు పంపిస్త. రేకులే ఏస్త. దీని కింద మనుషులు పనిచేసేది ఉండె."

అప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. పాత కట్టెలో ఇలాంటివి మామూలే అని నచ్చజెప్పడం ఒకటి. నోరు తిరిగినవాణ్ణే, చెప్పగలను. కానీ శ్రీను అక్కడే ఉన్నాడు. రేపు ఆ కప్పు కింద నిలబడేది అతనే. అందరి ముందూ చెప్పేశాను.

"కట్టె తప్పు కాదు సేఠ్. ఇది వద్దని లింగన్న చెప్పిండు. నేనే ఇనలే. ఇనకపోవుడే కాదు, పొమ్మని సైగ చేసిన."

ఆ సైగ అంటే ఏమిటో అక్కడి పనివాళ్లందరికీ తెలుసు. నా ఉద్యోగంలో అంత సిగ్గుపడిన రోజు లేదు. లింగన్న నా పెదవులు చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి వచ్చి, విరిగిన దూలం వంక చూడనైనా చూడకుండా అడిగాడు.

"చాయ్ తాగినవా తమ్మీ?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. షెడ్డు సైగల్లో తప్పయింది అని చెప్పే సైగ లేదు, ఎంత వెతికినా దొరకలేదు. ఆయన అరచెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను. ఆయన వేలి కణుపుతో నా తల మీద టక్కున ఒకటి కొట్టి, కళ్లు మూసుకుని చూశాడు.

"కొంచెం గుల్ల ఉన్నది. పనికొస్తది."

చుట్టూ ఉన్నవాళ్లతో పాటు అంబదాస్ కూడా నవ్వాడు. నవ్వాక నన్ను వదిలేసి లింగన్న ఎదుట నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా అడిగాడు. "అన్నా, మిగిలిన దూలాలు మంచిగున్నయా?"

"మంచిగున్నయి."

"ఎట్ల నమ్మాలె?"

లింగన్న కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నిట్ల పాత దూలం ఏ చట్రంల ఉంటదో, దాని కిందనే మా శ్రీను సాంచెలు పెట్టు."

అంతకు మించిన సర్టిఫికెట్ నా ముప్పై నాలుగేళ్లలో నేను చూడలేదు. షెడ్డు కట్టాం. పొడుగు దూలం బదులు జిగురుతో ఒత్తిన కొత్తది వేశాం. వానలకు ముందు పెంకులు వెయ్యలేకపోయాం, ఒక నెల ఆలస్యమైంది, అంబదాస్ నన్ను నానా మాటలూ అన్నాడు. పడ్డాను.

చివరి రోజు

సాంచెలు నడిచిన మొదటి రోజే లింగన్న స్తంభం నుంచి స్తంభానికి తిరిగి, ఒక చోట అరచెయ్యి ఆనించి ఆగాడు. దాని పక్కనున్న సాంచెల్లో ఒకటి అవసరానికి మించి గట్టిగా కొడుతోందన్నాడు. విప్పి చూస్తే నాడెను కొట్టే కర్రకున్న తోలుపట్టా అరిగిపోయి ఉంది. ఆ రోజే అంబదాస్ ఆయనను జాబర్‌గా పెట్టుకున్నాడు. ఫోన్ వస్తే లస్మవ్వ మాట్లాడుతుంది.

పరికరాలు వద్దని నేను అనను. తర్వాత కట్టిన ప్రతి కట్టడానికీ ఇంకా మంచి పరికరాలు కొనిపించాను. దాంతోపాటే, ఆ చోట పనిచేసేవాళ్లలో ఒకరి చేత ప్రతి దూలాన్నీ ముట్టించాను. ఎక్కడికి పోయినా అలాంటి మనిషి ఒకరు ఉంటారు. డబ్బా ఇవ్వడానికి వచ్చి పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్లను పలకరించండి.

నేను రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. సాయంత్రం ఆటో చేసుకుని ఆ షెడ్డుకు పోయాను. తొంభై ఆరు సాంచెలూ నడుస్తున్నాయి. బయట ఎండ మండుతోంది, లోపల పెంకుల కింద హాయిగా ఉంది. పాత దూలం కింద శ్రీను పోగు కలుపుతున్నాడు. ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాను. సన్నని వణుకు తప్ప నాకేమీ తెలియలేదు. మా నాన్నకు తెలిసేది. అడిగితే నేర్పేవాడు.

కళ్లు తెరిచేసరికి షెడ్డు ఆ చివర లింగన్న నన్ను చూసి నవ్వుతున్నాడు. సైగ చెయ్యొచ్చు, చెయ్యలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. పెదవులు చూస్తే తెలిసింది.

"తిన్నవా తమ్మీ?"

నేను కూడా నోటి దగ్గర చేతులు పెట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా తీసి అరిచాను.

"తిన్ననే!"